ఎవరిదీ కాని సముద్రంలో ఎవరి చట్టం చెల్లుతుంది?

మీ ప్రశ్నను కుదించుకుంటే నాకు అర్థమైంది ఇది. తీరానికి వందల మైళ్ల దూరంలో, ఏ దేశానికీ చెందని నీటిలో ఒక ఓడ నిషేధించిన వల వేసినా, తిమింగలాన్ని చంపినా అడిగేవాడెవడు? పోలీసే లేనిచోట ఇన్ని ఒప్పందాలు ఉత్త కాగితాలు కావా? అంతర్జాతీయ జలాల్లోని జీవుల రక్షణకు కొత్తగా వచ్చిన హై సీస్ ఒప్పందంతో ఏమైనా మారుతుందా? చివరగా, వార్తల్లో ఒక ఓడ పేరు కనిపిస్తే దాని గతం తెలుసుకునే దారి ఉందా?

చాలా ఏళ్లు ఓడల కేసుల కాగితాలు చదువుతూ, చదివిస్తూ గడిపినవాడిని. నా జవాబు ముందే చెప్పేస్తాను. నడిసముద్రంలో చట్టం బలహీనమే, అందులో సందేహం లేదు. కానీ ఏ ఓడా ఎల్లకాలం నడిసముద్రంలో ఉండలేదు. దానికి ఇంధనం కావాలి, పట్టిన చేపను దించడానికి రేవు కావాలి, కొనేవాడు కావాలి, ఏదో ఒక దేశం ఇచ్చిన రిజిస్ట్రేషన్ కావాలి. చట్టం దాన్ని దొరకబుచ్చుకునేది అక్కడే. సముద్ర జీవులకు నిజంగా మేలు చేసిన ఒప్పందాలను వరసగా పెట్టి చూడండి, చాలావాటికి ఒడ్డున ఏదో ఒక పట్టు ఉంటుంది. అది లేనివి ఎంత అందంగా రాసినా నీటిమీద రాతలే.

హద్దుల సంగతి త్వరగా ముగిస్తాను. 1982లో జమైకాలోని మాంటెగో బేలో సంతకాలకు పెట్టి, 1994లో అమల్లోకి వచ్చిన ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒడంబడికే అన్నిటికీ మూలం. తీరరేఖ నుంచి 12 నాటికల్ మైళ్లు దేశపు ప్రాదేశిక జలాలు. 200 మైళ్ల దాకా ప్రత్యేక ఆర్థిక మండలం, అంటే అక్కడి చేపా చమురూ ఆ దేశానివి, ఓడలకు దారి మాత్రం అందరిదీ. ఆపైన ఉన్నవి అంతర్జాతీయ జలాలు, సముద్రాల ఉపరితలంలో దాదాపు మూడింట రెండు వంతులు. వాటి అడుగున ఉన్న నేలకు మాత్రం వేరే లెక్క. 1967లో మాల్టా రాయబారి ఆర్విడ్ పార్డో ఐక్యరాజ్యసమితిలో పట్టుబట్టి చేసిన వాదన ఫలితంగా, దేశాల పరిధి దాటిన సముద్రగర్భం 'మానవాళి ఉమ్మడి వారసత్వం' అయింది. పైన ఈదే చేపకు ఆ హోదా దక్కలేదు. అడుగున కదలకుండా పడి ఉన్న రాయి వారసత్వమట, ప్రాణంతో తిరిగే చేప మాత్రం ముందొచ్చి వల వేసినవాడిదట! ఎన్నిసార్లు పాఠం చెప్పినా ఇక్కడికి వచ్చేసరికి నాకు నవ్వు ఆగదు.

ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందన్న సామెత ఊరికే పుట్టలేదు. అయితే ఉమ్మడి నీరు చట్టం లేని నీరు కాదు. అదే ఒడంబడికలో 192వ అధికరణం ఒక్క వాక్యమే: సముద్ర పర్యావరణాన్ని కాపాడి పరిరక్షించే బాధ్యత దేశాలపై ఉంది. 'తమ జలాల్లో' అన్న మాట అందులో లేదని గమనించండి. ఆ మాట లేకపోవడం మీద తర్వాత ఎన్నో కేసులు నడిచాయి.

ఇక జెండా సంగతి. అంతర్జాతీయ జలాల్లో ఓడ ఏ దేశపు జెండా ఎగరేస్తే ఆ దేశపు చట్టమే దానితో ప్రయాణిస్తుంది. ఇంకో దేశపు యుద్ధనౌక ఎదురుపడినా, జెండా దేశం అనుమతి లేకుండా ఓడ ఎక్కి సోదా చేయకూడదు. మినహాయింపులు కొన్నే: సముద్రపు దోపిడీ, బానిసల రవాణా, ఏ దేశానికీ చెందకపోవడం వంటివి. దొంగచేపల వేట ఆ జాబితాలో లేదు. కొన్ని దేశాలు రుసుము తీసుకుని జెండా ఇస్తాయి, ఆ తర్వాత ఓడ ఎక్కడ తిరుగుతోందో పట్టించుకోవు. కంచే చేను మేసిందంటారు కదా, ఇక్కడ కంచె వేసినట్టు కాగితం ఉంటుంది, కంచె మాత్రం ఉండదు.

దీనికి 'థండర్' కథను మించిన ఉదాహరణ నాకు తెలియదు. అంటార్కిటికా చుట్టూ దొరికే టూత్‌ఫిష్ అనే చేపకు మంచి ధర పలుకుతుంది. అక్కడ గిల్‌నెట్లు, అంటే నీటిలో గోడలా నిలబడే వలలు, నిషేధం. థండర్ ఏళ్ల తరబడి నల్లజాబితాలో ఉన్న ఓడ. కూకో, టైఫూన్ 1, వుహాన్ ఎన్4 వంటి పేర్లు మార్చుకుంటూ, జెండాలు మార్చుకుంటూ తిరిగింది. 2013లో ఇంటర్‌పోల్ దాని మీద హెచ్చరిక నోటీసు కూడా ఇచ్చింది. 2014 డిసెంబరు 17న సీ షెపర్డ్ అనే స్వచ్ఛంద సంస్థ ఓడ బాబ్ బార్కర్ దాన్ని వల వేస్తుండగా చూసి వెంటపడింది. ఆ సంస్థకే చెందిన మరో ఓడ వెనక ఉండిపోయి, థండర్ వదిలేసి పారిపోయిన వలలను పైకి లాగింది. లెక్క వేస్తే దాదాపు 72 కిలోమీటర్ల వల.

వెంటాడటం 110 రోజులు సాగింది. ఓ స్వచ్ఛంద సంస్థకు అరెస్టు చేసే అధికారం లేదు కాబట్టి చేయగలిగింది వెంట ఉండటమే. మధ్యలో, 2015 మార్చిలో, నైజీరియా ఆ ఓడ రిజిస్ట్రేషన్ రద్దు చేసింది. అంటే థండర్‌కు ఇక దేశమే లేదు. ఏప్రిల్ 6న ఆఫ్రికా పశ్చిమ తీరాన సావో తోమే ద్వీప దేశపు జలాల్లో అది మునిగిపోవడం మొదలుపెట్టింది. నలభై మంది సిబ్బందినీ రక్షించింది ఇన్నాళ్లూ తరిమిన ఓడలే. మునుగుతున్న థండర్ మీదికి బాబ్ బార్కర్ మనుషులు కొందరు ఎక్కి చూశారు. మునిగే ఓడలో నీరు వ్యాపించకుండా తలుపులు బిగించుకోవడం నావికుడి మొదటి పని. అక్కడ తలుపులు తెరిచి, మూసుకుపోకుండా కట్టి ఉన్నాయి. సాక్ష్యాన్ని సముద్రం అడుక్కి పంపే ప్రయత్నమని వేరే చెప్పాలా?

నేను విద్యార్థులను ఆపి చూడమనేది ఆ తర్వాత జరిగిన విచారణను. సావో తోమే కోర్టు 2015 అక్టోబరులో కెప్టెన్‌కు, ఇద్దరు ఇంజనీర్లకు జైలుశిక్ష వేసి, మొత్తం కోటిన్నర యూరోలకు పైగా జరిమానా విధించింది. ఏ నేరాలకు? ఫోర్జరీ, కాలుష్యం, పర్యావరణానికి నష్టం, నిర్లక్ష్యం. అంటార్కిటికాలో పట్టిన చేప అసలు శిక్షలో లేదు! ఆ చేప మీద ఆ కోర్టుకు పరిధి లేదు. ఓడ మునిగిన నీటిపై ఉంది, చూపించిన దొంగ కాగితాలపై ఉంది. చట్టం ఎక్కడ పట్టు దొరికితే అక్కడే పట్టుకుంటుందని నేను అంటున్నది ఇదే.

రేవుల సంగతి కూడా అంతే. ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 2009లో కుదిరి 2016 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేవు దేశాల ఒప్పందం పేరు పెద్దగా ఎవరికీ తెలియదు. పత్రికలు రాయవు, ఎందుకంటే అందులో తిమింగలాలూ డాల్ఫిన్లూ లేవు, ఉన్నవన్నీ ఫారాలు. విదేశీ చేపల ఓడ రేవుకు వచ్చే ముందే ఏమి పట్టిందో, ఎక్కడ పట్టిందో, ఏ అనుమతితో పట్టిందో చెప్పాలి. అనుమానం వస్తే రేవులోకి రానివ్వరు, సరుకు దించనివ్వరు, ఇంధనం పొయ్యరు. నన్నడిగితే గత 30 ఏళ్లలో వచ్చిన సముద్ర ఒప్పందాల్లో పైసాకు పైసా ఫలితమిచ్చినది ఇదే కావచ్చు. దాని చిల్లు కూడా చెప్పాలి. పట్టిన ఓడ నడిసముద్రంలోనే సరుకును శీతల గిడ్డంగి ఓడకు మార్చేసి తాను రేవుకే రాకపోవచ్చు. దొంగ చేప, దొర చేప ఒకే పెట్టెలో గడ్డకట్టాక విడదీయడం ఎవరి తరం?

మార్కెట్ పట్టు ఇంకా పాతది, ఇంకా పదునైనది. ఉత్తర పసిఫిక్‌లోని ఫర్ సీల్ అనే జంతువును 19వ శతాబ్దం చివరలో చర్మం కోసం నడిసముద్రంలోనే కాల్చి చంపేవారు. కాల్చినవాటిలో చాలా మునిగిపోయేవి. ఆహారం కోసం వెళ్లిన తల్లి చనిపోతే ద్వీపం మీద పిల్ల ఆకలితో చచ్చేది. ద్వీపాలు అమెరికావి, వేటగాళ్లలో ఎక్కువమంది కెనడావాళ్లు. గొడవ మధ్యవర్తుల ముందుకు వెళ్లింది. 1893లో పారిస్‌లో వచ్చిన తీర్పు అమెరికా వాదనను తోసిపుచ్చింది: మూడు మైళ్లు దాటాక ఆ సీళ్లు మీవి కావు. తీర్పుతోపాటు కొన్ని వేట నియమాలు పెట్టారు గానీ, జపాన్ ఆ కేసులో లేదు కాబట్టి జపాన్ వేటగాళ్లకు అవి వర్తించలేదు. మంద తరుగుతూనే పోయింది.

చివరికి 1911లో అమెరికా, కెనడా తరఫున బ్రిటన్, రష్యా, జపాన్ కూర్చుని ఒక తెలివైన పని చేశాయి. నడిసముద్రపు వేట పూర్తిగా బంద్. వేట ఒడ్డుమీద, లెక్క ప్రకారం మాత్రమే. దానికి బదులుగా అమెరికా తన ద్వీపాల్లో తీసిన చర్మాల్లో 15 శాతం కెనడాకు, 15 శాతం జపాన్‌కు ఇవ్వాలి, రష్యా కూడా అదే పద్ధతిలో వాటా ఇవ్వాలి. అంటే వేటాడనందుకు వాటా. సీళ్ల మంద మళ్లీ పెరిగింది. నీతి చెప్పి ఒప్పించలేనివాళ్లను వాటా ఇచ్చి ఒప్పించారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని నా అభిప్రాయం.

ఇదే దారిలో 1998 నాటి రొయ్యలు-తాబేళ్ల కేసు చదవండి. రొయ్యల వలలో తాబేళ్లు చిక్కి ఊపిరాడక చనిపోతాయి. వల గొట్టంలో ఏటవాలుగా ఒక ఇనుప జల్లెడ బిగిస్తే రొయ్య సందుల్లోంచి వెనక్కి పోతుంది, తాబేలు జల్లెడకు తగిలి పక్కనున్న కంతలోంచి బయటపడుతుంది. అది వాడని దేశాల రొయ్యలు కొనబోమని అమెరికా అంది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి. 'అమెరికా ఓడింది, తాబేళ్లు ఓడాయి' అని అప్పట్లో చాలామంది రాశారు. తీర్పు చదవకుండా రాశారు. తాబేళ్ల రక్షణ కోసం దిగుమతి ఆపడం తప్పని అప్పీలు మండలి అనలేదు. కరీబియన్ ప్రాంతపు దేశాలకు సర్దుకోవడానికి మూడేళ్లిచ్చి, ఈ నాలుగు ఆసియా దేశాలకు నాలుగు నెలలే ఇవ్వడం వివక్ష అంది. అమెరికా పద్ధతి మార్చుకుంది, 2001లో మలేసియా మళ్లీ వెళితే ఈసారి అమెరికాయే గెలిచింది. ప్రకృతి రక్షణ పేరుతో వాణిజ్య ఆంక్ష చెల్లుతుంది, కాకపోతే అందరికీ ఒకే కొలత ఉండాలన్న సూత్రం అక్కడ నిలబడింది.

కోర్టులు? వాటి బలం, బలహీనత రెండూ తిమింగలాల కేసులో ఒకేచోట కనిపిస్తాయి. అంతర్జాతీయ తిమింగల వేట సంఘం 1982లో తీర్మానించిన వాణిజ్య వేట నిషేధం 1986 నుంచి అమల్లో ఉంది. కానీ 1946 నాటి మూల ఒప్పందంలో ఎనిమిదో అధికరణం శాస్త్ర పరిశోధన కోసం తిమింగలాలను చంపడానికి దేశాలు తామే అనుమతి ఇచ్చుకోవచ్చంటుంది. జపాన్ ఆ తలుపులోంచి నడిచింది. 2010లో ఆస్ట్రేలియా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది.

ఆ తీర్పులో నాకు నచ్చేది, న్యాయమూర్తులు 'ఇది సైన్సేనా' అన్న పెద్ద చర్చలో పడకుండా లెక్కల పుస్తకం తెరవడం. ఏటా సుమారు 850 మింకీ తిమింగలాలు, 50 ఫిన్, 50 హంప్‌బ్యాక్ కావాలన్నది పథకం. మొదటి ఏడు సీజన్లలో పట్టిన ఫిన్ తిమింగలాలు మొత్తం 18. హంప్‌బ్యాక్ ఒక్కటీ లేదు. మింకీలు ఒక సీజన్లో 103కు పడిపోయాయి. నమూనా ఇంత తగ్గినా పరిశోధన బాగానే సాగుతోందంటే, అసలు 850 ఎందుకు అడిగినట్టు? దాదాపు 3,600 మింకీలు చచ్చాక జపాన్ చూపించగలిగిన, నిపుణులు పరిశీలించి ఆమోదించిన పరిశోధన పత్రాలు రెండు. 2014 మార్చి 31న 12-4 మెజారిటీతో ఆ అనుమతులు రద్దయ్యాయి.

మరి తర్వాత? జపాన్ తీర్పును పాటించింది, ఒక సీజన్ ఆగింది, మరుసటి ఏడాది 333 మింకీలతో కొత్త పథకం తెచ్చింది. అంతకుముందే, 2015 అక్టోబరులో, సముద్ర జీవ వనరుల వివాదాలు తమ విషయంలో ఆ న్యాయస్థానం పరిధిలోకి రావని ప్రకటన సవరించుకుంది. 2019లో సంఘం నుంచే బయటికి వచ్చి, వాణిజ్య వేటను తన సొంత జలాల్లో మొదలుపెట్టింది, అంటార్కిటికా వేట మానేసింది. దీన్ని ఓటమి అంటారా, గెలుపు అంటారా? దక్షిణ సముద్రంలోని తిమింగలాన్ని అడిగితే గెలుపనే అంటుంది. ఇంకో చిన్న విషయం చాలామంది వదిలేస్తారు. వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం కింద, అంతర్జాతీయ జలాల్లో చంపిన జంతువును ఒడ్డుకు తేవడం కూడా ఒక రకం దిగుమతే. ఉత్తర పసిఫిక్ సేయి తిమింగలం మాంసాన్ని అమ్మకానికి తేవడం ఆ ఒప్పందానికి విరుద్ధమని 2018లో సైటిస్ స్థాయీ సంఘం తేల్చింది. తిమింగల వేట ఒప్పందం వల్ల కాని పని వ్యాపార ఒప్పందం వల్ల అయింది.

బలవంతుడు రానే రానంటే ఏమవుతుందో దక్షిణ చైనా సముద్రం కేసు చూపిస్తుంది. జెయింట్ క్లామ్ అనే భారీ ఆల్చిప్పల పెంకును ఏనుగు దంతంలా చెక్కుతారు. వాటిని పగడపు దిబ్బల్లోంచి పెళ్లగించడానికి చిన్న పడవల ప్రొపెల్లర్లనే నాగలిగా వాడారు. దిబ్బల మీద మిగిలిన వంపు గాట్లు ఉపగ్రహ చిత్రాల్లో కనిపిస్తాయి. ఫిలిప్పీన్స్ వేసిన ఈ కేసులో 2016 జులై 12న మధ్యవర్తుల ధర్మాసనం, చైనాకు ఈ సంగతి తెలిసీ ఆపలేదని, 192వ అధికరణాన్ని ఉల్లంఘించిందని చెప్పింది. ఆ ఒక్క వాక్యానికి ఎంత పదునుందో అప్పుడు తెలిసింది. చైనా విచారణకు రాలేదు, తీర్పును ఒప్పుకోలేదు. ఇక్కడ పట్టుకోవడానికి రేవూ లేదు, మార్కెట్టూ లేదు. తీర్పు పుస్తకంలో ఉంది, దాని మాటలు మాత్రం తర్వాతి కేసుల్లో పనికి వస్తున్నాయి.

అలా పనికి వచ్చిన వాటిలో వాతావరణం ఒకటి. 1982లో 'కాలుష్యం' నిర్వచనం రాసినవాళ్లు, మనుషులు సముద్రంలోకి చేర్చే 'పదార్థాలు లేదా శక్తి' అని రాశారు. 2024 మే 21న హాంబర్గ్‌లోని సముద్ర చట్ట ట్రిబ్యునల్ ఆ రెండు మాటలను పట్టుకుంది. కార్బన్ డయాక్సైడ్ పదార్థం, సముద్రం పీల్చుకునే వేడి శక్తి, కాబట్టి గ్రీన్‌హౌస్ వాయువులు సముద్ర కాలుష్యమే అంది. ఇది సలహా అభిప్రాయం, శిక్ష వేయదు. అయినా దేశాల కోర్టుల్లో న్యాయవాదులు దీన్ని ఎత్తి చూపకుండా ఉండరు.

ఇప్పుడు మీరడిగిన కొత్త ఒప్పందం. 2023 జూన్ 19న ఆమోదం పొందింది, 2025 సెప్టెంబరులో 60వ ధ్రువీకరణ అందింది, 2026 జనవరి 17న అమల్లోకి వచ్చింది. దీని విలువ తెలియాలంటే అంటార్కిటికా పక్కనున్న రాస్ సముద్రం చూడాలి. అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్ర జీవుల సంగతి చూసే సంఘంలో ఏ నిర్ణయానికైనా సభ్యులందరూ తల ఊపాలి. ఏళ్ల బేరాల తర్వాత 2016లో అక్కడ 15.5 లక్షల చదరపు కిలోమీటర్ల రక్షిత ప్రాంతం ఒప్పుకున్నారు, అదీ 35 ఏళ్ల గడువుతో. పక్కనే తూర్పు అంటార్కిటికాకు పెట్టిన ప్రతిపాదన ఏటా అదే గోడకు తగిలి వెనక్కి వస్తోంది. కొత్త ఒప్పందంలో ఏకాభిప్రాయం కుదరకపోతే నాలుగింట మూడు వంతుల ఓటుతో రక్షిత ప్రాంతం ప్రకటించవచ్చు. నచ్చని దేశం 120 రోజుల్లో అభ్యంతరం చెప్పవచ్చు గానీ ఊరికే 'నాకు ఇష్టం లేదు' అంటే కుదరదు, ఒప్పందంలో చెప్పిన కారణాల్లో ఒకటి చూపాలి. ఇది చిన్న మార్పు కాదు.

అయితే సంబరం కాస్త తగ్గించుకోండి. చేపల సంగతి చూసే ప్రాంతీయ సంఘాలు, ఓడల రాకపోకలు చూసే సంస్థ, సముద్రగర్భ గనులు చూసే కింగ్‌స్టన్‌లోని సంస్థ, వీటి అధికారాన్ని కొత్త ఒప్పందం దెబ్బతీయకూడదని అందులోనే రాసి ఉంది. అంటే మ్యాప్ మీద గీత గీశాక ఆ గీత లోపల వల వేయకుండా ఆపడానికి మళ్లీ ఆ పాత సంఘాల గుమ్మమే ఎక్కాలి. పర్యావరణ ప్రభావ అంచనా తప్పనిసరి చేశారు, మంచిదే. కానీ అంచనా చూసి పని మొదలుపెట్టాలా వద్దా అని తేల్చేది ఆ పని తలపెట్టిన దేశమే. తన పరీక్ష పేపరు తానే దిద్దుకోవడం అన్నమాట. ఫలితం పైకి కనపడేలా గోడకు అంటించాలి, అంతే తేడా. చూసేవాళ్లుంటే ఆ తేడా చాలాసార్లు సరిపోతుంది కూడా.

మీరు చివర అడిగిన ఓడ సంగతి. పేరు చూడకండి, జెండా చూడకండి, రెండూ ఒక రాత్రిలో రంగు డబ్బాతో మారిపోతాయి. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ పద్ధతిలో ఓడలకు ఇచ్చే ఏడంకెల సంఖ్య చూడండి, అది ఓడ పుట్టినప్పటి నుంచి తుక్కయ్యేదాకా మారదు. చేపల ఓడలకు 2013 దాకా ఈ నంబరు పద్ధతి నుంచి మినహాయింపు ఉండేది, అదే ఇన్నాళ్ల దొంగాటకు సగం కారణం. ప్రాంతీయ మత్స్య సంఘాలు తమ నల్లజాబితాలను ఎవరైనా చూసేలా పెడతాయి, వాటిలో చాలాచోట్ల పాత పేర్లు, పాత జెండాలు కూడా ఉంటాయి. మీ దగ్గరున్న ఏడంకెలతో అక్కడ వెతకండి. నంబరే కనిపించని ఓడ అయితే, ఎందుకు కనిపించడం లేదన్నదే మీ మొదటి ప్రశ్న కావాలి.